పల్లీల షెడ్డులో గద్వాల మగ్గం

మంగళవారం, గద్వాల

నేను ఒకచోట కుదురుగా కూర్చోలేని మనిషిని. తెనాలిలో ఇరవై ఏళ్లు కుట్టు శిక్షణ కేంద్రం నడిపాను. అన్నేళ్లలో నేను కుర్చీలో కూర్చున్న సమయమంతా కలిపినా నెల కూడా అవదేమో. కిందటేడాది ఆ కేంద్రం మూసేశాక కాళ్లు మరీ ఆగలేదు. నాతో పనిచేసిన ముగ్గురు స్నేహితురాళ్లతో కలిసి ఒక ఆలోచన చేశాను. నేసేవాళ్లు, అద్దకం వేసేవాళ్లు, మిగిలిన గుడ్డముక్కలతో బొంతలు కుట్టేవాళ్లు ఒకే కప్పు కింద పని చేసుకునే ఇల్లు ఒకటి ఉండాలి. అది ఎవరి సొంతమూ కాకూడదు. అందులో ఏ పీలికా చెత్తబుట్టలోకి పోకూడదు.

ఎక్కడ పెట్టాలన్న దగ్గరే ఆరు నెలలు ఆగిపోయాం. చివరికి హైదరాబాద్‌లో ఉండే తెలిసినాయన ఒకరు తన చేతిలో రెండు చోట్లున్నాయనీ, ఏదైనా తీసుకోమనీ అన్నాడు. ఒకటి గద్వాలలో ఇల్లు, రెండోది వనపర్తిలో ఖాళీగా పడున్న పల్లీల షెడ్డు. శుక్రవారంలోగా మాట చెప్పకపోతే రెండూ ఎరువుల గోదాములకి ఇచ్చేస్తానన్నాడు. వెళ్లి చూడడానికి మిగతా ముగ్గురికీ వీలు కాలేదు. నాకు వీలు కాకపోవడమంటూ ఉండదు కదా, సంచి సర్దుకున్నాను.

గద్వాల స్టేషన్ బయట ఒకావిడ బండి మీద ఉగ్గాని అమ్ముతోంది. నానబెట్టిన బొరుగులకి ఉల్లిపాయ, పసుపు, పుట్నాల పొడి పట్టించి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ముప్పై రూపాయలు. మా తెనాలిలో బొరుగులు పిల్లలు సాయంత్రం నమిలే చిరుతిండి. పొద్దున్నే టిఫినుగా తినొచ్చని అక్కడే తెలిసింది. ఎందుకొచ్చానో అడిగితే, ఇల్లు చూడ్డానికన్నాను.

"కోడలికా, బిడ్డకా?" అంది.

"మగ్గాలకి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి ఇంకో బజ్జీ వేసింది. దానికి డబ్బులు తీసుకోలేదు.

ఇల్లు ఫొటోల్లో కన్నా బాగుంది. చెక్కిన ద్వారబంధాలు, మధ్యలో వెలుతురు పడే మండువా. మనసులో అప్పుడే గోడల మీద చీరలు వేలాడదీసేశాను. వెనకగది లోంచి మగ్గం చప్పుడు వినబడితే అటు నడిచాను. అక్కడ అద్దెకుండే నేతకత్తె సరోజ. నలభై దాటి ఉంటాయి. నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకుని, పట్టు అంచున్న నూలు చీర నేస్తోంది. నేను అంచు డిజైను కోసం పైన వేలాడదీసిన చిల్లుల జాకార్డు అట్టల్ని చూస్తూ, వంగకుండా, ఆగకుండా, పక్కనుంచి దూరబోయాను. కాలు గుంత అంచు మీద జారింది. పడిపోతూ చేతికి దొరికినదాన్ని పట్టుకున్నాను. దొరికింది పడుగు, మగ్గం మీద బిగించిన నిలువు పోగుల వరస.

పోగులు తెగిన చప్పుడు చాలా చిన్నది. నాకు మాత్రం గది కూలినట్టయింది.

సరోజ అరవలేదు. మగ్గం ఆపి, తెగిన కొసల్ని వేళ్లతో విడదీసి చూసుకుంది. "నూటికి మీదనే పోయినయ్," అంది. నేను చేతులు నలుపుకుంటూ ఏదో చెప్పబోయాను. "మాటలతోని అతుకుతయా అక్కా? కూసో. సూది పట్టిన చెయ్యి లెక్కనే ఉంది నీది."

కూర్చున్నాను. వేళ్లకి బూడిద అద్దుకుని, తెగిన పోగుకి కొత్త పోగు కలిపి మెలిపెట్టడం నేర్పింది. ముడి వేయకూడదు. ముడి ఉంటే దువ్వెనలాంటి పన్నె పళ్లలో చిక్కి మళ్లీ తెగుతుంది. ఇరవై ఏళ్లు పిల్లలకి కుట్టు నేర్పిన నేను అతికిన వాటిలో సగం ఆమె తీసి మళ్లీ అతికింది. మధ్యాహ్నం దాటే వరకు అదే పని. నాలుగుసార్లు లేచాను. నాలుగుసార్లూ "ఏడికి?" అంది. మళ్లీ కూర్చున్నాను.

ఆ చీర పెద్దంచుది. నడుమ నూలు, రెండు పక్కలా పట్టు. అడ్డపోగు తీసుకెళ్లే కండెలు మూడు ఆడాలి. నడుమ కండె ఒకరు ఆడిస్తుంటే పక్కన ఇంకొకరు కూర్చుని అంచు కండె అందివ్వాలి. సరోజ ఒక్కతే అటూ ఇటూ జరుగుతూ నేస్తోంది. ఇద్దరైతే పది రోజుల పని, తనకి నెల దాటిందట. భర్త హైదరాబాద్‌లో వాచ్‌మన్. ఇంట్లో మగ్గమెక్కే వాళ్లు ఇంకెవరూ లేరు.

"గుంత లేకుండా, నేల మీదే మగ్గం పెట్టుకోవచ్చు కదా?" అన్నాను.

"గుంతల తేమ ఉంటది. పోగు తెగది."

"మరి వానాకాలం నీళ్లు ఊరవా?"

 బూడిద గిన్నె పక్కకి జరిపి, "రేపు వనపర్తి పోతున్నవ్ గదా," అంది. "ఆడ మా ఆడబిడ్డ ఉంటది, మంజుల. బట్టల దుకాణంల పనిజేస్తది. నాతోని ఎన్మిదేండ్లు ఈ మగ్గం మీద కూసున్నది. జర కలిసి, వదిన రమ్మంటున్నదని చెప్తవా?"

"ఫోన్ చేయలేకపోయావా?"

"నా ఫోన్ ఎత్తది."

చెప్తానన్నాను. నూరు పోగులు తెంపినదాన్ని, కాదని ఎలా అంటాను?

బుధవారం, వనపర్తి

కృష్ణ మీద వంతెన దాటేటప్పుడు బస్సంతా కిటికీల్లోంచి నదిలోకి చిల్లర విసిరింది. అంతవరకు బాగానే ఉంది. పెబ్బేరులో బస్సు పది నిమిషాలు ఆగేసరికి నాకు ఓపిక పోయింది. ఇంకోటి ముందు వెళ్తుందని దిగిపోయాను. నేను దిగగానే నా బస్సు కదిలింది. తర్వాత వచ్చిన రెండింటిలో కాలు పెట్టే చోటు లేదు. ఆ ముప్పావుగంట రోడ్డు పక్క హోటల్లో జొన్నరొట్టె తిన్నాను. పల్లీల పొడి, నూనె, పచ్చి ఉల్లిపాయ, గిన్నెడు పప్పు కలిపి అరవై రూపాయలు. మా వైపు వేరుశనగ అంటే ఇడ్లీ పక్కన చట్నీ. ఇక్కడ అది పొడి, అది కూర, అది బెల్లంతో ఉండ, ఎవరి జేబులో చెయ్యి పెట్టినా దొరికే కాలక్షేపం.

షెడ్డు ఊరి చివర ఉంది. నడుమెత్తు అరుగు మీద కట్టారు. వరదొచ్చినా లోపలికి నీళ్లు రావు. పొడవాటి హాలు, పైన గాలి కోసం జాలీలు, మూలల్లో ఇంకా పల్లీ పొట్టు వాసన. నాకు నచ్చింది. కానీ మధ్యాహ్నం మూడింటికి ఆ రేకుల కింద పది నిమిషాలు నిలబడలేకపోయాను. పట్టుపోగు ఈ వేడికి గడ్డిపరకలా తెగుతుంది. నిన్న కూర్చుని నేర్చుకున్నది ఆ మాత్రం చెప్పింది.

రమాదేవికి ఫోన్ చేశాను. మా నలుగురిలో లెక్కగా ఆలోచించే మనిషి. "గద్వాల ఇల్లే తీసుకుందాం. చూసేవాళ్లకి బాగుంటుంది," అంది. చూసేవాళ్లకి, అన్న మాట ఎందుకో గుచ్చుకుంది. నిన్న పొద్దున అయితే ఆ మాట నేనే అని ఉండేదాన్ని.

మంజుల పనిచేసే దుకాణం బజారులో ఉంది. సన్నగా, చురుగ్గా, ముప్పై ఏళ్లుంటాయి. నేను చీర కొనడానికి వచ్చాననుకుని ఒకటి విప్పి పరిచింది. పెద్ద జరీ అంచు. మెషీన్ మీద వచ్చిందని చేయి పెట్టగానే తెలిసింది.

"గద్వాల చీరేనా?" అన్నాను.

చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "గిది గద్వాల చీర గాదక్కా. గద్వాల చీర ఫోటో."

ఆ మాటకి నవ్వి, ఆ నవ్వులోనే సరోజ మాట చెప్పేశాను. వదిన రమ్మంటోందని. మంజుల చేతులు ఆగిపోయాయి. చీర మడత పెట్టి, యజమానికి చెప్పి, నన్ను పక్కసందులో చాయ్ కొట్టు దగ్గరికి తీసుకెళ్లింది.

"ఆడికెల్లి ఎందుకొచ్చిన్నో చెప్పిందా నీకు?"

"లేదు."

"ఐదో నెల అప్పుడు నాకు. పెండ్లి చీర నేస్తున్నం. నడుము నొస్తున్నది వదినా అంటే, గీ కొంగొక్కటి అయిపోనీ అన్నది. మొగులు పట్టి మూడొద్దులు ఒకటే వాన. గుంతలకి నీళ్లు ఊరినయ్. కాళ్లు నీళ్లల్ల వెట్టుకోనే నేసిన. నాలుగో నాడు దవాఖానకు తోల్కపోయిండ్రు." గ్లాసు అటూ ఇటూ తిప్పింది. "నిలవలే."

నేను బెంచీ మీద ఆమె పక్కకి జరిగాను.

"వదిన చేయబట్టే పోయిందని నేనంటలేనక్కా. గిట్ల ఎవరికైనా అయితదని డాక్టరమ్మ చెప్పింది. గానీ నేను ఇంటికొచ్చినంక మొదాలు ఏం అడిగిందో తెలుసా? కొంగుల ఎన్ని పోగులు మిగిలినయ్ అని అడిగింది." చాయ్ తాగకుండానే గ్లాసు పెట్టేసింది. "ఆ రూము యాదికొస్తే నా కాళ్లు సల్లబడ్తయ్. నేను రాను. చెప్పు పో."

"నేయడం ఇష్టం లేదా ఇంక?"

ఒళ్లో చేతులకేసి చూసుకుంది. "చేతులు గుంజుతయ్," అంది. "దుకాణంల చీరలు మడతబెడుతుంటే గూడ గుంజుతయ్."

ఆవిడ వెళ్లాక నేను బస్టాండు చుట్టూ మూడుసార్లు తిరిగాను. ఏమీ తెలియకుండా, ఉత్తరాలు పంచేదానిలా ఆ మాట మోసుకొచ్చినందుకు సిగ్గేసింది. సరోజకి ఫోన్ చేసి రానందని చెప్పాను.

"ఏమన్నది?"

"ఆ గది గుర్తొస్తే కాళ్లు చల్లబడతాయంది. నువ్వు పోగుల సంగతి అడిగావట."

 అవతల ఫోన్ కట్టయింది. చెప్పకూడనిది చెప్పానా, చెప్పాల్సిందే చెప్పానా అన్నది ఆ రాత్రంతా తేల్చుకోలేకపోయాను.

గురువారం, నాగర్‌కర్నూల్ దారి

గద్వాల గది వద్దనిపిస్తోంది, వనపర్తి వేడి భయపెడుతోంది. మిగిలింది ఒక్క రోజు. నాగర్‌కర్నూల్‌కి ఇవతల ఒక ఊళ్లో గొంగళ్లు నేసే బీరయ్య, ఆయన భార్య మల్లమ్మ ఉన్నారని ముందే రాసుకున్నాను. మా ఇంటికి ఉన్ని పని కూడా కావాలని ఆశ. ఇంకేం చేయాలో తోచక బస్సెక్కాను.

బీరయ్య డెబ్బై దాటినవాడు. గోడవారగా కూర్చుని గొంగడికి చింతగింజల గంజి పట్టిస్తున్నాడు. నల్లటి నేత మీద కుంచె ఈ కొస నుంచి ఆ కొసకి, మళ్లీ వెనక్కి. మా వైపు గొంగడి అంటే గొర్రెల కాపరుల భుజాల మీద చూడ్డమే. ఇక్కడ పెళ్లిలో పెద్దవాళ్లకి పరిచేదీ అదే, వానకి కప్పుకునేదీ అదే. ఒకటి నాలుగు వేలు చెప్పాడు. బేరమాడలేదు. అదెంత పనో చూస్తూ బేరమాడడానికి నోరు రాలేదు.

"కొనేటోళ్లు తక్కువైండ్రమ్మా," అన్నాడు. "మంది గొర్లకు బొచ్చు కత్తిరిచ్చి కాల్వల పారేస్తున్నరు. మా గొర్ల ఉన్నే మాకు ఎక్కువైంది."

"మిగిలింది ఏం చేస్తున్నారు?"

"గొర్ల కొట్టం చూపియ్యి," అన్నాడు మల్లమ్మతో.

మల్లమ్మ నన్ను ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. అది కూడా రేకుల షెడ్డే. బయట నెత్తి మాడే ఎండ. లోపలికి వంగి వెళ్తే, చల్లగా అని చెప్పను గానీ, ఊపిరాడుతోంది. గొర్రెపిల్లలు నిద్రపోతున్నాయి. పైకి చూశాను. రేకుల కింద వరసగా గోనెసంచులు కట్టి ఉన్నాయి, దిండ్లలా ఉబ్బి.

"ఉన్ని గుక్కినం," అంది మల్లమ్మ. "ఎండకాలం గొర్రెపిల్లలు చస్తుండె. ఒకనాడు నాకే తోచింది. మనం సలికి కప్పుకుంటున్నం గదా, రేకుకు ఎందుకు కప్పొద్దని. నడుమల యాపాకు ఏస్తం, పురుగు వట్టది. రెండేండ్లాయె, ఒక్క పిల్ల సావలే."

నేను ఆ సంచులకేసి చూస్తూ ఉండిపోయాను. తెనాలిలో మా ఇంటి మేడ మీద కుట్టు తరగతుల్లో మిగిలిన గుడ్డముక్కలు పదకొండు మూటలున్నాయి. వాటితో సంచులు కుడితే వనపర్తి షెడ్డు కప్పుకి సరిపోతాయి. కాలవలో పారేసే ఉన్ని ఈ చుట్టుపక్కల కావలసినంత ఉంది. రేకుల కింద అంతటా గళ్లూ పూలూ చారలూ ఉన్న దిండ్లు నాకప్పుడే కనిపించాయి. గబగబా బయటికొచ్చి బీరయ్యకి మా షెడ్డు సంగతంతా చెప్పాను.

ఆయన కుంచె ఆపకుండా విన్నాడు. "మగ్గం కింద ఇసుక పోసి పొద్దుమాపు తడుపుండ్రి. గుంత అక్కరలేదు, తేమ ఉంటే సాలు. ఇంకొక్క ముచ్చట. ఉన్ని మగ్గం, పట్టు మగ్గం ఒక్కతాన పెట్టకుండ్రి. ఉన్నికి పురుగు లేస్తే పట్టు మిగలది. నడుమ గోడ కట్టుండ్రి."

"ఒకే ఇల్లు అనుకున్నాం కదా తాతా, గోడెందుకని..."

"అన్నదమ్ములైనా గోడలుండవా? ఇల్లొక్కటే. అర్రలు వేరే."

మల్లమ్మ జొన్నరవ్వ ఉడికించిన గటకా మజ్జిగా పెట్టింది. తిన్నాక ఆగలేక వెంటనే లేవబోయాను. వెళ్లొస్తానంటే పుట్టింటి నుంచి పంపినట్టు ఒక గోనెసంచి నిండా ఉన్ని ఇచ్చింది. "ముందుగాల ఒక్కటి కట్టి చూడుండ్రి. అందరి ముంగట నవ్వులపాలు గాకుండ."

బస్సులో ఆ సంచి పెద్ద గొడవ తెచ్చింది. కండక్టర్ లగేజీ టికెట్ కొట్టాడు, సరే. పక్కసీటాయన తుమ్మడం మొదలుపెట్టాడు. వెనకావిడ మేక ఎక్కిందా అని అడిగింది. వనపర్తి వరకు ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని, ఎవరివైపూ చూడకుండా వచ్చాను.

శుక్రవారం, మళ్లీ వనపర్తి

పొద్దున్నే షెడ్డు యజమాని ఫోన్. మధ్యాహ్నం లోపు చెప్పమన్నాడు. ఉన్ని సంచి పట్టుకుని షెడ్డు దగ్గరికి వెళ్లేసరికి అరుగు మీద సరోజ కూర్చుని ఉంది. మొదటి బస్సుకి వచ్చిందట. చేతిలో సంచీ కూడా లేదు. చీర కొంగు వేలికి చుడుతూ, విప్పుతూ ఉంది.

"ఒక్కసారి పిలుస్తవా మంజులను? నేనొచ్చిన్నని చెప్పి పిలువు. చెప్పకుండ మాత్రం పిలువకు," అంది.

అలాగే చెప్పాను.  "పన్నెండింటికి బువ్వ తినే టైముల వస్త," అంది మంజుల.

రెండు గంటలు. సరోజ కదలకుండా కూర్చుంది. నేను మల్లమ్మ ఇచ్చిన సంచిని ఒక మూల రేకు కింద కట్టి చూశాను, దాని కింద వేడి తగ్గింది. కాలు కాలిన పిల్లిలా షెడ్డు కొలతలు తీశాను, తీసినవే మళ్లీ తీశాను.

మంజుల వచ్చి అరుగు కిందే ఆగింది. సరోజ లేచి నిలబడింది. ఆడబిడ్డ వదినల మధ్య నాలుగు మెట్లున్నాయి.

"అయినదేదో అయిందని చెప్పనీకి రాలే," అంది సరోజ. "నీకు నొస్తున్నదని నాకు తెలుసు. తెలిసే నెయ్యమన్న. పెండ్లోళ్లు ఏమంటరోనని బుగులు. నువ్వొచ్చినంక గూడ నిన్ను చూస్తె భయమైంది. నోరు రాక చీర సంగతి అడిగిన. గదొక్కటే నాకు అడగొచ్చె." కొంగు మళ్లీ వేలికి చుట్టుకుంది. "నాలుగేండ్ల సంది ఆ ఒక్క మాట మింగుడు పడ్తలేదు నాకు."

మంజుల ఏడవలేదు. ఎక్కి పైకి కూడా రాలేదు. "పాప అంట," అంది. "డాక్టరమ్మ చెప్పింది. నువ్వు అడగలే, నేను చెప్పలే."

సరోజ మెట్ల మీదే కూలబడింది. ఆ తర్వాత వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నేను షెడ్డు లోపలికి, ఆ చివరికి నడిచివెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి ఇద్దరూ ఒకే మెట్టు మీద కూర్చున్నారు. మధ్యలో మంజుల టిఫిన్ డబ్బా తెరిచి ఉంది. సరోజ తినడం లేదు. మంజుల కూడా తినడం లేదు.

"అక్కా," అంది మంజుల నన్ను చూసి. "ఈడ గుంత తవ్వరు గదా?"

"తవ్వం."

"నీళ్లు రావు గదా?"

"రావు."

అప్పుడే యజమానికి ఫోన్ చేశాను. గద్వాల ఇల్లు వద్దనీ, వనపర్తి షెడ్డు కావాలనీ చెప్పాను. రమాదేవి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక

మూటలు విప్పి తెనాలిలో నెలన్నర పాటు సంచులు కుట్టాం. రమాదేవి కుట్టినన్ని ఇంకెవరూ కుట్టలేదు. బీరయ్య, మల్లమ్మ వచ్చి వాటిలో ఉన్ని కుక్కారు, నడుమ వేపాకు వేసి. గోడ కట్టాం. ఉన్నికో అర్ర, పట్టుకో అర్ర. సరోజ వనపర్తికి మకాం మార్చింది. ఆమె మగ్గాన్ని ట్రాక్టర్ మీద తెచ్చి, నాలుగు కాళ్ల మీద నిలబెట్టి, కింద ఇసుక పోశాం. ఎండ ముదిరాక పోగులు తెగవని నేను ఇప్పుడే చెప్పలేను. అద్దకం వేసేవాళ్లు ఇంకా దొరకలేదు. మంజుల దుకాణం మానలేదు. పొద్దున రెండు గంటలు మాత్రం వస్తోంది.

మగ్గం నిలబెట్టిన రోజు నేను అక్కడే ఉన్నాను. మేం నలుగురం కూర్చుని ఆ ఇంటికి పద్నాలుగు పేజీల నియమాలు రాసుకుని వెళ్లాం. చదవబోతుంటే మంజుల బొగ్గుముక్క తీసుకుని గోడ దగ్గరికి వెళ్లింది. పెద్ద అక్షరాలతో, ఆగి ఆగి రాసింది.

"ఒంట్ల బాగలేకుంటే మగ్గం దిగాలె. ఎవరి చీరైనా సరే."

 సరోజ వెళ్లి ఆమె చేతిలోంచి బొగ్గు తీసుకుంది. కింద ఇంకో మాట చేర్చింది.

"నేను నెయ్యమన్నా సరే. సరోజ."

నా చేతిలో కాగితాలు సంచిలో పెట్టేశాను.